చికెన్ పచ్చట్లో బెంజోయేట్ మానేసి లవంగ నూనె వేస్తే నిలవుంటుందా?

రాజమండ్రి_రుచులు
ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంటాను, నాలుగేళ్ళయింది. ఆవకాయ, గోంగూర, నిమ్మకాయలతో ఏ రోజూ తలనొప్పి లేదు. నిరుటి నుంచి చికెన్, రొయ్యల పచ్చళ్ళు కూడా మొదలుపెట్టా, ఇప్పుడు అవే ఎక్కువ పోతున్నాయి. ఫోన్ చేసిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న, "ప్రిజర్వేటివ్ వేశారా?" వేశానంటే ఫోన్ పెట్టేస్తారు. అందుకని మూడు నెలల క్రితం బెంజోయేట్ మానేశా.

పోయిన నెల 30 సీసాల చికెన్ పెట్టాను. అందులో నాలుగింటికి మూతలు ఉబ్బాయి. ఒకటి తీస్తే బుస్సుమంది. వాసన మాత్రం మామూలుగానే ఉంది. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "కిలోకి నాలుగు చుక్కలు లవంగ నూనె వెయ్యండమ్మా, ఆరు నెలలు ఢోకా లేదు, పూర్తిగా నేచురల్" అన్నారు. 200 మిల్లీల సీసా తెప్పించేశా కూడా. ఎవరైనా వాడి చూశారా? నాలుగు చుక్కలు సరిపోతాయా, ఇంకా వెయ్యాలా?

జాడీమూత
నూనె సంగతి తర్వాత. ఆ ఉబ్బిన సీసాలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయా? కొంపదీసి రుచి చూడలేదు కదా?

బందరు_బాబాయ్
లవంగం, దాల్చినచెక్క, వాము, వెల్లుల్లి, పసుపు. ఇవన్నీ క్రిముల్ని చంపేవే. మన పెద్దవాళ్ళకి ఏ ల్యాబూ లేదు, అన్నీ తెలుసు. నిక్షేపంలా వెయ్యమ్మా. నాలుగు కాదు, పది చుక్కలు వెయ్యి.

ల్యాబ్_కోటు
బాబాయ్ గారూ, పెద్దవాళ్ళు చికెన్ పచ్చడి సీసాలో పెట్టి కొరియర్‌లో పంపలేదు కదండీ :)

రాజమండ్రి అక్కా, నేను పనిచేసేది ఆహారం పరీక్షించే ల్యాబ్‌లో. మూడు ప్రశ్నలు. నిమ్మరసం ఎంత పోస్తున్నారు? ఉప్పు ఎంత? పీహెచ్, అంటే పులుపు ఎంతుందో చెప్పే కొలత, ఎప్పుడైనా చూశారా?

పులిహోర_పార్టీ
కిలోకి నాలుగు చుక్కలంటే హోమియోపతి పచ్చడి అన్నమాట.

రాజమండ్రి_రుచులు
@జాడీమూత రుచి చూడలేదండీ, మా అమ్మాయి చూడబోతుంటే చెయ్యి పట్టుకున్నా. సీసాలు వరండాలో ఉన్నాయి.

@ల్యాబ్_కోటు పీహెచ్ ఎప్పుడూ చూడలేదు. మొదట్లో కిలో ముక్కలకి ఎనిమిది నిమ్మకాయలు పిండేదాన్ని. "పులుపెక్కువైంది" అంటే నాలుగుకి తగ్గించా. ఉప్పు కూడా తగ్గించా, బీపీ ఉన్నవాళ్ళు అడుగుతున్నారని. నూనె మాత్రం ముక్క మునిగేలా పోస్తా. నూనె పైకి తేలితే గాలి తగలదు, పాడవదు అంటారుగా.

ల్యాబ్_కోటు
దొరికింది. మీ పచ్చడిని కాపాడుతున్నది బెంజోయేట్ కాదక్కా, ఆ ఎనిమిది నిమ్మకాయలూ పాత లెక్క ఉప్పూ. మూడిట్లో మీరు ముందు తగ్గించింది అసలువాటిని.

పులుపు తగ్గిందంటే పీహెచ్ పెరిగిందని. పీహెచ్ 4.6 దాటి, తేమ ఉండి, గాలి తగలకపోతే క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే, నరాల్ని చచ్చుబరిచే విషం తయారుచేసే బ్యాక్టీరియాకి పెళ్ళిభోజనమే. దానికి గాలి పడదు. "నూనెలో మునిగితే పాడవదు" అన్న మాట బూజు వరకే నిజం. దీని విషయంలో ఆ నూనెదుప్పటి మనమే కప్పి జోకొట్టినట్టు.

ముక్కలు వేయించాం కదా అనుకోకండి. దాని స్పోర్లు, అంటే గట్టి గుల్లలో ముడుచుకుని పడుకున్న రూపం, 100 డిగ్రీల మరుగుక్కూడా చావవు. 121 డిగ్రీల వేడి కొన్ని నిమిషాలు ముక్క నడిమధ్యకి తగలాలి. మూకుట్లో నూనె 170 ఉన్నా తడి ఉన్నంతసేపూ ముక్క లోపల వందే.

ఉబ్బిన ప్రతి సీసాలోనూ అదే ఉందని కాదు. ఈస్టు వల్లా ఉబ్బుతుంది, ఇంకా చాలా కారణాలున్నాయి. ఉబ్బని సీసాలో విషం ఉండదనీ కాదు. అందుకే ఆ 30 సీసాలూ వెనక్కి తెప్పించండి, అన్నీ.

డ్యూటీడాక్టరు
పై మాటకి నా ఓటు. ఆ పచ్చడి తిన్నవాళ్ళలో ఎవరికైనా కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనపడడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే ఇంట్లో ఏ చిట్కాలూ వద్దు, నేరుగా పెద్దాసుపత్రికి. సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో మొదలవుతుంది, కొందరిలో రోజులు పట్టొచ్చు. జ్వరం ఉండకపోవచ్చు, అందుకే జనం తేలిగ్గా తీసుకుంటారు.

సీసాలు మూత తియ్యకుండా రెండు కవర్లలో కట్టి పడెయ్యండి. వీధికుక్కలకి వెయ్యకండి, పాపం.

బందరు_బాబాయ్
అంతా భయపెట్టేస్తున్నారు. మరి మా ఇంట్లో ఆవకాయ మూడేళ్ళది ఉంది, ఏమీ కాలేదే? అందులో ఉన్నదీ ఆవపిండీ వెల్లుల్లీనేగా!

ఆవగింజలో_అరవయ్యోవంతు
బాబాయ్ అడిగింది మంచి ప్రశ్న, నవ్వి వదిలేయకూడదు. ఫుడ్ టెక్నాలజీ చదివే రోజుల్లో నా ప్రాజెక్టు ఆవాల మీదే, అందుకే ఈ పేరు.

ఎండు ఆవగింజ నోట్లో వేసుకుంటే ఏమీ ఘాటుండదు. గింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక గదిలో, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకో గదిలో ఉంటాయి. దంచి తడి తగిలిస్తే రెండూ కలిసి అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ముక్కు అదరగొట్టేది అదే. బ్యాక్టీరియానీ బూజునీ గట్టిగా అడ్డుకునే ఘటం. ఆవిరి రూపంలోనూ పనిచేస్తుంది. జపాన్‌లో వాసబీ అనే ఘాటు మొక్కలోని ఇదే పదార్థం పూసిన పల్చటి షీట్లు లంచ్ బాక్సుల్లో పెడతారు.

ఆవకాయలో పచ్చి ఆవపిండి వేస్తాం కాబట్టి ఇదంతా జరుగుతుంది. చికెన్ పచ్చడికి మాత్రం చాలామంది ఆవాలు, మెంతులు దోరగా వేయించి పొడి కొట్టి వేస్తారు. వేయిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. రుచి మిగులుతుంది, కాపలా పోతుంది.

అయినా మూడేళ్ళ ఆవకాయని నిలబెట్టింది ఆవ ఒక్కటే కాదు. పుల్ల మామిడికాయ, గిద్దెల కొద్దీ ఉప్పు. ఊటంతా ఉప్పుపులుపే. అందులో బొట్యులినమ్ పుట్టి బతకదు. ఆవా వెల్లుల్లీ ఆ కోటకి కావలివాళ్ళే, కోట మాత్రం ఉప్పూ పులుపూను.

పులిహోర_పార్టీ
కోట కూల్చేసి కావలివాడికి నాలుగు చుక్కల లవంగ నూనె పోసి నిలబెట్టారన్నమాట మన అక్క.

రాజమండ్రి_రుచులు
నవ్వండి బాబూ నవ్వండి. ఇక్కడ నాకు నిద్ర లేదు. పొద్దున్నుంచీ ఫోన్లే చేస్తున్నా. 22 మంది దొరికారు. ముగ్గురు అప్పుడే తినేశారట, బాగానే ఉన్నారు. ఒకావిడ "డబ్బులు వెనక్కి వద్దమ్మా, ఆవకాయ పంపు" అంది. ఇంకో నలుగురు ఫోన్ ఎత్తట్లేదు, మెసేజ్ పెట్టా.

కానీ నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. లవంగ నూనె నిజంగా క్రిముల్ని చంపుతుందా చంపదా?

ల్యాబ్_కోటు
చంపుతుంది. అదే ఇందులో చిక్కు. చంపకపోతే ఒక్క మాటతో అయిపోయేది.

లవంగ మొగ్గ నూనెలో నూటికి 70 పైనే యూజినాల్. వాములో థైమాల్, దాల్చినచెక్కలో సినమాల్డిహైడ్, ఒరెగానోలో కార్వక్రాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్. వీటిలో చాలావాటి పనితీరు ఒకటే. నూనె స్వభావం కాబట్టి బ్యాక్టీరియా చుట్టూ ఉండే కొవ్వుపొరలోకి దూరి దాన్ని చిల్లులు చేస్తాయి. లోపలి సరుకు కారిపోయి అది చస్తుంది. స్టెఫైలోకాకస్, లిస్టీరియా లాంటి జబ్బు బ్యాక్టీరియాలు తేలిగ్గా లొంగుతాయి. ఈకోలై, సాల్మొనెల్లాలకి పైన ఇంకో పొర ఉంటుంది కాబట్టి మొండికేస్తాయి.

ఇదంతా ల్యాబ్ గాజుప్లేటు మీది మాట. అక్కడ తిండి ఉండదు, కొవ్వు ఉండదు. ఇప్పుడు మీ సీసాలోకి రండి. సగం నువ్వుల నూనె. అందులో లవంగ నూనె వేస్తే యూజినాల్ ఎక్కడికి పోతుంది? చుట్టం ఎక్కడుంటే అక్కడికే, నూనెలోకి. బ్యాక్టీరియా ఉండేదేమో ముక్కలోని తడిలో. ఇద్దరూ కలుసుకోరు. మిగిలిన కాస్తని మాంసంలోని ప్రోటీన్ పట్టేసుకుంటుంది. అందుకే ప్లేటు మీద పనిచేసిన మోతాదు తిండిలో ఎన్నో రెట్లు పెంచాల్సొస్తుంది.

ఎంత? పరిశోధనల్లో ఆహారంలో వాడి ఫలితం చూసినవి సుమారుగా గ్రాముకి 0.5 నుంచి 20 మైక్రోలీటర్ల దాకా. అంటే కిలోకి అర మిల్లీ నుంచి 20 మిల్లీలు. మిల్లీకి 20 చుక్కలనుకుంటే కనీసం 10 చుక్కలు, ఎక్కువలో ఎక్కువ 400.

పులిహోర_పార్టీ
400 చుక్కలు! తిన్నాక పన్ను పీకినా తెలీదు.

డల్లాస్_చంటి
జోక్ కాదు గురూ, అచ్చంగా అదే జరిగింది మా దగ్గర. నేనిక్కడ ఒక రెడీ-టు-ఈట్ మాంసం ప్లాంట్‌లో క్వాలిటీ చూస్తాను. లేబుల్ మీద రసాయనం పేర్లు కనపడకూడదని మార్కెటింగ్ వాళ్ళ గోల. లవంగ, ఒరెగానో నూనెలు ముక్కలు చేసిన చికెన్‌లో వేసి చూశాం. లిస్టీరియా తగ్గిన మోతాదు దగ్గర రుచి చూసేవాళ్ళంతా ఒకే మాట రాశారు, "పంటి డాక్టరు గది". పంటికి తాత్కాలికంగా పెట్టే సిమెంటులో ఉండేది జింక్ ఆక్సైడూ యూజినాలూనే, వాసన గుర్తుపట్టక చస్తారా.

చివరికి వెనిగర్ పొడి దగ్గర ఆగాం. ఇక్కడ హాప్స్ నుంచి తీసిన ఆమ్లాలు కూడా లిస్టీరియా మీద వాడుకలో ఉన్నాయి, బీరులో చేదు కోసం వేసే హాప్సే.

ఇంకో తమాషా. నైట్రైట్ అంటే మాంసం నిలవకి వేసే రసాయనం. "నైట్రైట్ కలపలేదు" అని రాసి అమ్మే బేకన్, అంటే ఉప్పు పట్టించిన పందిమాంసం, ఉంటుంది. అందులో సెలరీ పొడి వేస్తారు. సెలరీలో సహజంగానే నైట్రేట్ బోలెడు, దాన్ని బ్యాక్టీరియాతో నైట్రైట్‌గా మార్చి కలుపుతారు. ముక్కలోకి చేరేది అదే నైట్రైట్. మొక్క నుంచి వచ్చిందని పేరు మారింది, అంతే.

జాడీమూత
ఆ లెక్కన బెంజోయిక్ ఆమ్లం కూడా దాల్చినచెక్కలో, క్రాన్‌బెర్రీలో సహజంగా ఉండేదే. డబ్బాలోంచి వస్తే విషం, చెట్టు మీంచి వస్తే అమృతం!

ల్యాబ్_కోటు
బెంజోయేట్ గురించి ఒక ముక్క చెప్పడం మర్చిపోయా. అది కూడా పులుపులోనే పనిచేస్తుంది. పీహెచ్ 4.5 దాటాక దాని బలం దాదాపు పోతుంది. నాలుగు నిమ్మకాయల పచ్చట్లో మీరు బెంజోయేట్ వేసినా పెద్దగా ఒరిగేది లేదక్కా. మానేసినందుకే పాడయిందని బాధపడకండి.

రొయ్యల_లెక్క
భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జిని. ఈ హెర్బల్ సరుకు అమ్మేవాళ్ళు మాకు నెలకొకరు తగులుతారు. కిందటేడాది ఒకాయన వచ్చాడు. "క్లోరిన్ మానెయ్యండి సార్, మా మూలికల ద్రావణంతో రొయ్య కడగండి" అని ఒక గాజుప్లేటు ఫొటో చూపించాడు. మధ్యలో కాయితం బిళ్ళ, చుట్టూ బ్యాక్టీరియా లేని తెల్లటి వలయం. బావుంది. మా స్టీలు బల్ల మీద, పొట్టూ జిగురూ ఉన్నచోట పనిచేసినట్టు రిపోర్టేదీ అంటే లేదు. ఐసు నీళ్ళల్లో, 4 డిగ్రీల దగ్గర చేసింది? లేదు. మా రొయ్యకి ఆ రంగు అంటదని గ్యారంటీ? "కొంచెం పచ్చగా వస్తుంది సార్, నేచురల్ కలర్" అన్నాడు. పచ్చ రొయ్యని యూరప్‌లో ఎవడు కొంటాడండీ!

కానీ పూర్తిగా కొట్టిపారెయ్యను. కడిగే నీళ్ళల్లో, బల్లల మీద, ప్యాకింగ్ పొర లోపల, ఇలా తిండిలో నేరుగా కలవని చోట్ల వీటికి దారి ఉందనిపిస్తుంది. కొవ్వు అడ్డు రాదు, రుచి గొడవ తక్కువ. స్టీలు మీద పట్టే బ్యాక్టీరియా జిగురు పొరని థైమాల్, కార్వక్రాల్ లాంటివి తగ్గించినట్టు పరిశోధనలున్నాయి. మావాళ్ళు ఇస్తే ఒక లైను మీద ట్రయల్ వేస్తా.

కర్నూలు_వాము
వాము మాట వచ్చింది కాబట్టి. మా కర్నూలు యార్డుకి వాము బాగా వస్తుంది. గింజ కొని నూనె తీయించి ఇలాంటి వాళ్ళకి అమ్మితే గిట్టుబాటవుతుందా? సీరియస్‌గానే అడుగుతున్నా.

రొయ్యల_లెక్క
అడగాల్సింది ధర కాదన్నా, ప్రతి బ్యాచికీ ఒకే థైమాల్ శాతం ఇవ్వగలవా అని. పంట, నేల, కోత కాలం మారితే శాతం మారిపోతుంది. ఫ్యాక్టరీ వాడికి అదే టెన్షన్. బెంజోయేట్ డబ్బా ఏ నెల కొన్నా ఒకటే.

బందరు_బాబాయ్
సరే, మీ సైన్సు మాటే చెప్తా. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు 1998లోనే తేల్చారు. 36 దేశాల నాలుగున్నర వేల పైగా మాంసం వంటకాలు చూస్తే ఎండలెక్కువున్న దేశాల్లో మసాలాలెక్కువ. కారణం, మసాలా క్రిముల్ని చంపుతుంది కాబట్టి. మనవాళ్ళకి ముందే తెలుసని నేనంటే నవ్వారు.

ఆవగింజలో_అరవయ్యోవంతు
అది బిల్లింగ్, షెర్మన్ల పేపరు బాబాయ్, మా క్లాసులోనూ చెప్పారు. చాలా ఏళ్ళు అందరూ అదే నమ్మారు. 2021లో ఇంకో బృందం 70 రకాల వంటశైలుల నుంచి 33 వేల పైచిలుకు వంటకాలు తీసుకుని మళ్ళీ లెక్క వేసింది. వేడి దేశాల్లో మసాలా ఎక్కువన్నది నిజమే, దానికి కారణం క్రిములే అనడానికి మాత్రం ఆధారం నిలబడలేదు. పేదరికం, ఆరోగ్య పరిస్థితుల లాంటివి కలిపి చూస్తే సంబంధం చెదిరిపోయింది.

మనం మసాలా వేసుకునేది రుచి కోసమే అనుకుంటా. అదేమన్నా తప్పా?

బందరు_బాబాయ్
తప్పని ఎవరన్నారు. మా అమ్మ జాడీ కడిగి ఎండబెట్టి లోపల ఇంగువ పొగ పట్టేది. అది రుచికా, క్రిములకా? నువ్వే చెప్పు.

ఆవగింజలో_అరవయ్యోవంతు
రెండింటికీనేమో. కాకపోతే పొగ కంటే ముందు కడిగి ఎండబెట్టింది చూశారా, సగం పని అక్కడే అయిపోయింది. తడి గరిటె పెడితే మీ అమ్మగారు ఊరుకునేవారా?

బందరు_బాబాయ్
వీపు చిట్లగొట్టేది.

జాడీమూత
వెల్లుల్లి గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో తిన్న 36 మందికి బొట్యులిజం, అంటే ఆ బొట్యులినమ్ విషం వల్ల వచ్చే జబ్బు, వచ్చింది. తీరా చూస్తే కారణం నూనెలో వేసిన వెల్లుల్లి ముద్ద. ఫ్రిజ్‌లో పెట్టాల్సింది బయట ఉంచారు. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో మళ్ళీ అలాంటిదే, ముగ్గురికి. ఆ తర్వాతే అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళు నూనెలో వేసి అమ్మే వెల్లుల్లికి పులుపు కలిపి తీరాలన్నారు.

వెల్లుల్లిలో అల్లిసిన్ ఉంది, అది క్రిముల్ని చంపుతుంది, ఎవరూ కాదనరు. కానీ వెల్లుల్లి మట్టిలో పెరిగేది, స్పోర్లు దాని ఒంటి మీదే ఇంటికొస్తాయి. దంచి నూనెలో ముంచి పెడితే అల్లిసిన్ కొన్నాళ్ళకి విరిగిపోతుంది, స్పోరు మాత్రం ఎక్కడికీ పోదు.

పులిహోర_పార్టీ
కాపలావాడే దొంగని జేబులో పెట్టుకొచ్చాడు. ఇవాళ వెల్లుల్లి కారప్పొడి తిననా మాననా?

జాడీమూత
తిను. పొడి కదా. తేమ లేనిచోట ఏదీ పెరగదు.

డల్లాస్_చంటి
మిగతా మసాలాలదీ అదే కథ. 2009-10లో ఇక్కడ సలామీ తిని 270 మందికి పైగా సాల్మొనెల్లా బారిన పడ్డారు. మాంసం బాగానే ఉంది, పైన అద్దిన మిరియాల్లోంచి వచ్చింది. అందుకే మా ప్లాంట్‌లోకి మిరియాలొస్తే ఆవిరి పట్టినవేనా అని కాయితం చూస్తాం. దించిన వేడి పచ్చట్లో గరం మసాలా పొడి చివర్లో పైపైన చల్లేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మసాలా కూడా నూనెలో బాగా వేగాలి.

మాటలో మాట, అక్కా, చికెన్ పచ్చడి అమెరికాకి కొరియర్ చెయ్యట్లేదు కదా? మన దేశం నుంచి కోడిమాంసం సరుకు ఇక్కడికి రానివ్వరు, పట్టుకుంటే పారేస్తారు.

రాజమండ్రి_రుచులు
చెయ్యట్లేదు తమ్ముడూ... ఇకముందు.

పీహెచ్ చూడడం ఎలాగో చెప్పండి ఎవరైనా. కాయితం ముక్కలు కొన్నా, ముంచగానే ఎర్రగా అయిపోతున్నాయి, ఏ రంగో తెలీట్లేదు.

ల్యాబ్_కోటు
పచ్చట్లో కాయితం పనికిరాదు. కారం ఎరుపు, పైగా పసుపు. పసుపు తనే రంగు మార్చే రకం, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. మీరు పీహెచ్ చూడట్లేదు, పారాణి కలుపుతున్నారు.

డిజిటల్ మీటర్ కొనండి. పీహెచ్ 4, 7 అని అమ్మే ద్రావణాలతో సరిచూసుకోండి. పచ్చడి పెట్టి కనీసం ఒక రోజు ఆగాలి, పులుపు ముక్క నడిమధ్యకి దిగాలి. అప్పుడు ముక్కలు బయటికి తీసి నూనె కాయితంతో అద్దేసి, కొద్దిగా డిస్టిల్డ్ వాటర్‌తో మిక్సీ వేసి, ఆ ముద్దలో పెట్టండి. నూనె అంటితే మీటర్ తప్పు చూపిస్తుంది. గుజ్జు సంగతి వదిలేసి ముక్కదే చూడండి.

రాజమండ్రి_రుచులు
నాలుగు రోజులైంది, లెక్కలు తెచ్చా.

పోయిన నెల పెట్టినదాంట్లో ఉబ్బని సీసా ఒకటి గ్లవుజులేసుకుని చూశా, 5.4. వణుకొచ్చింది. అన్నీ పారేశా. మిగతా నలుగురూ కూడా దొరికారు, ఎవరికీ ఏమీ కాలేదు.

తర్వాత చిన్న బ్యాచి, కిలో ముక్కలు. ఎనిమిది నిమ్మకాయలు, పాత ఉప్పు. మర్నాటికి 4.7. అంటే మొదట్లో పెట్టినవి కూడా అంచు మీదే నడిచాయన్నమాట, ఇన్నాళ్ళూ అదృష్టం తిన్నాం. ఇంకో బ్యాచిలో ముక్కలు చిన్నవి చేసి, తడి లేకుండా బాగా వేయించి, నిమ్మరసంతో పాటు వెనిగర్ కూడా పోశా. 4.2 వచ్చింది. రుచి? మావారు "ఇది చికెన్ పచ్చడా, నిమ్మకాయ పచ్చట్లో కోడి పడిందా" అన్నారు.

ల్యాబ్_కోటు
4.2 బాగుంది. 4.3 దాటనివ్వకండి. కొద్దిగా బెల్లం వేస్తే పులుపు నాలిక్కి తగ్గినట్టుంటుంది, పీహెచ్ పెద్దగా మారదు. ఒక్క సీసా మాత్రం గుర్తింపున్న ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. వాటర్ యాక్టివిటీ కూడా అడగండి, అంటే బ్యాక్టీరియాకి అందే తేమ ఎంతని. 0.93 కిందికొస్తే బొట్యులినమ్ ఆగుతుంది, స్టెఫైలోకాకస్ విషం చెయ్యకుండా ఉండాలంటే 0.85 కిందికి రావాలి. హైదరాబాదులో ఎవరైనా ఉంటే హబ్సిగూడలో కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ రిసోర్స్ సెంటర్ ఉంది, వెళ్ళి మాట్లాడొచ్చు. ఆ లోపు సీసా మీద "ఫ్రిజ్‌లో ఉంచండి" అని పెద్దక్షరాలతో రాయండి.

జాడీమూత
లేబుల్ మీద "నో ప్రిజర్వేటివ్స్" అని వేసే ముందు ఒకసారి ఆలోచించండి. 2011 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) నియమాల్లో ప్రిజర్వేటివ్‌లని రెండు తరగతులు చేశారు. రెండో తరగతిలో బెంజోయేట్ లాంటివి. ఒకటో తరగతిలో ఏముందో తెలుసా? ఉప్పు, పంచదార, వెనిగర్, తేనె, వంట నూనె, మసాలా దినుసులు.

పులిహోర_పార్టీ
అంటే మా అమ్మ పెట్టే ఆవకాయ మొత్తం ప్రిజర్వేటివేనా! అందులో ప్రిజర్వేటివ్ కానిది మామిడికాయ ఒక్కటే.

ఆవగింజలో_అరవయ్యోవంతు
అదీ పులుపే కదా.

బందరు_బాబాయ్
అమ్మా రాజమండ్రీ, నా మాట కూడా ఒకటి పెట్టు. ఆ 4.2 పచ్చట్లో వేయించని ఆవపిండి ఓ రెండు చెంచాలు కలిపి చూడు. నిలవకని కాదు, ఘాటుంటే పులుపు అంతగా తెలీదు.

ల్యాబ్_కోటు
బాబాయ్ గారి సలహాకి నా అభ్యంతరం లేదు. పులుపు ఉన్నచోట ఇలాంటివి తోడుపడతాయి కూడా. పిండి శుభ్రమైనది వాడండి, కలిపాక మళ్ళీ పీహెచ్ చూడండి.

రాజమండ్రి_రుచులు
రేపే వేస్తా బాబాయ్. రొయ్యల పచ్చడి మాత్రం ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆపేశా, అడ్వాన్సులు ఇచ్చినవాళ్ళు తిడుతున్నారు. ఈ 200 మిల్లీల లవంగ నూనె ఏం చెయ్యను? సీల్ తియ్యలేదు, దుకాణంవాడు వెనక్కి తీసుకోనంటున్నాడు.

డల్లాస్_చంటి
సీసా మీద ఫుడ్ గ్రేడ్ అని ఉందా?

రాజమండ్రి_రుచులు
ఇప్పుడే కళ్ళజోడు పెట్టుకుని చూశా. "అరోమా డిఫ్యూజర్ల కోసం మాత్రమే" అని ఉంది.

డ్యూటీడాక్టరు
పిల్లలకి అందకుండా పైన పెట్టండి. చిన్నపిల్లలు కాస్త తాగినా ప్రమాదమే.

పులిహోర_పార్టీ
వాట్సాప్ గ్రూపు ఆయనకి పంపండి. కిలోకి నాలుగు చుక్కల చొప్పున ఆయన బరువుకి లెక్క కట్టి.